అచ్చుకీ అచ్చుకీ మధ్య

బందరు, అంటే మచిలీపట్నం, వస్తున్నామని చుట్టాలు ఫోన్ చేస్తే మేం చెప్పే పేర్లు ఎప్పుడూ అవే: మంగినపూడి బీచి, చిలకలపూడి పాండురంగడి గుడి, హల్వా, లడ్డు. ఆ తర్వాతది చెప్పాలంటే నేను కాస్త గొంతు సవరించుకోవాలి. "బొమ్మలు చూద్దురుగాని రండి" అంటే అవతలివాళ్ళు వెంటనే "మీ ఊళ్ళో ఆర్ట్ గ్యాలరీ ఉందా?" అంటారు. రాజమండ్రివాళ్ళకు దామెర్ల రామారావు పేరిట చక్కటి గ్యాలరీ ఉంది. మాకు అలాంటి యోగం పట్టలేదు. 2011 లెక్కల్లో జనాభా 1.7 లక్షలకు అందీ అందని ఊరు మాది. అయినా బొమ్మలకు కరువు లేదు. అవి గోడకు వేలాడటం లేదు, అంతే. కొన్ని బట్ట మీద, కొన్ని టేకుచెక్క మీద, కొన్ని సమాధి రాళ్ళ మీద ఉంటాయి. దసరాకి కొన్ని మనుషులతో పాటు వీధుల్లో తిరుగుతాయి.

నా వరకు బొమ్మలు చూడటం మొదలయ్యేది పెడనలో, కలంకారీ అద్దేచోట. బందరు దాటి పది కిలోమీటర్లు వెళ్తే చాలు. అద్దకం షెడ్లో పొడుగాటి బల్ల ఉంటుంది. దాని మీద గోనెపట్టాలూ దుప్పట్లూ మడతలు పెట్టి మెత్తగా పరిచి, పైన బట్ట పరుస్తారు. అద్దేవాడు పక్కనున్న రంగుపళ్ళెంలో టేకుచెక్క అచ్చు అద్ది, బట్ట మీద ఆనించి, పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తాడు. తీస్తాడు. మళ్ళీ ముంచుతాడు. కొలబద్ద లేదు, గీత లేదు. ఇందాకటి అచ్చు అంచే ఇప్పటి అచ్చుకు గుర్తు. తీగ మెలిక ఇక్కడ ఆగి అక్కడ అందుకోవాలి. అందుకుంటుంది. ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి తప్పుతుంది.

నాకు చూడబుద్ధేసేది ఆ తప్పిన చోటే. ఓసారి అలాంటి అతుకు మీద వేలు పెట్టి, "బాబాయ్, ఇక్కడ తీగ కలవలేదే" అన్నాను. ఆయన తలెత్తకుండానే, "అన్నిచోట్లా కలిస్తే మిల్లు బట్టంటారండీ" అన్నాడు. అప్పట్నుంచీ ఏ దుప్పటి చూసినా, ఏ చీర చూసినా ముందు అతుకులు వెతుకుతాను. ఒక్కో అద్దకందారు అతుకు ఒక్కోలా ఉంటుంది. పొద్దున అద్దినదానికీ అన్నం తిని వచ్చి అద్దినదానికీ కూడా తేడా ఉంటుందని నా అనుమానం. ఇది నిరూపించలేను.

అచ్చు కంటే పెద్ద వింత రంగు. ముందు బట్టకున్న గంజి పోయేలా ఉతికి, కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేస్తారు. బట్ట లేత పసుపు తిరుగుతుంది. నలుపు కోసం ఇనపతుక్కునీ బెల్లాన్నీ నీళ్ళలో రోజుల తరబడి పులియబెడతారు. ఆ నీళ్ళు కరక్కాయ పట్టిన బట్టను తాకగానే నల్లగీత తేలుతుంది. అది కళ్ళముందే జరుగుతుంది కాబట్టి అర్థమైనట్టే ఉంటుంది. ఎరుపు సంగతి అలా కాదు. ఎర్రపువ్వు రావలసిన చోట వాళ్ళు అద్దేది ఎరుపు కాదు, పటిక. పటికకు రంగెక్కడిది? ఎక్కడ పెట్టామో తెలియడానికి అందులో కాస్త రంగు కలుపుతారు, అది కడిగితే పోతుంది. బట్ట ఆరాక పారేనీళ్ళలో జాడిస్తారు. అప్పటికి పువ్వు ఉన్నచోట ఏమీ కనిపించదు. ఆ బట్టను రాగి గంగాళంలో ఎర్రరంగుతో కలిపి ఉడికిస్తారు. కర్రలతో కలియదిప్పుతుంటే బట్ట ఎర్రనీళ్ళలో ములుగుతూ తేలుతూ ఉంటుంది. పటిక తగిలిన చోట ఎరుపు అంటుకుని ఉండిపోతుంది. మిగతాచోట పట్టిన చాయ ఉతుకుల్లో, ఎండలో వదిలిపోతుంది. ఏం అద్దామో ఉడికేదాకా అద్దినవాడికీ కనపడదు. రంగులన్నీ ముందే పేర్చుకుని గీసే చిత్రకారుడికి ఇంత ధైర్యం అక్కర్లేదనుకుంటాను.

ఇది ఈ తీరానే ఎందుకు పుట్టిందంటే, జవాబులో సగం ఇసుకలో ఉంది. పాత రోజుల్లో ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. అది సముద్రం దగ్గరి ఇసుకనేలల్లో పెరిగే చిన్న మొక్క. గవ్వలూ ఆల్చిప్పలూ నలిగి కలిసిన సున్నపునేలలో పెరిగిన వేరు మంచి ఎరుపునిస్తుంది. డచ్చివాళ్ళు పెటపోలి అని రాసుకున్న నిజాంపట్నం వైపు వేరుకు ఆ రోజుల్లో గొప్ప పేరు. మిగతా సగం జవాబు కృష్ణ నీళ్ళు. పారేనీళ్ళు లేకపోతే ఈ పని లేదు. 1868లో జర్మనీ రసాయనవేత్తలు ఆ వేరులోని ఎరుపైన అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశాక చిరివేరు తవ్వేవాళ్ళ అవసరం క్రమంగా తగ్గిపోయింది. ఇప్పుడు చాలా గంగాళాల్లో పడేది ఆ అలిజరిన్ పొడే. దీని గురించి ముక్కు విరిచేవాళ్ళున్నారు. నేను విరవను. పటిక అదే, నీళ్ళు అవే, చెయ్యీ అదే.

శ్రీకాళహస్తి కలంకారీ చూసినవాళ్ళు ఇక్కడికొచ్చి రాముడూ సీతా ఏరని అడుగుతారు. అక్కడ కలంతో గీస్తారు, గుడిగోడకు కట్టే కథలు గీస్తారు. ఇక్కడ అచ్చు వేస్తారు, అచ్చులో తీగలూ నెమళ్ళూ మామిడిపిందెలూ జీవవృక్షాలూ ఉంటాయి. బందరు అప్పట్లో గోల్కొండ సుల్తానుల రేవు. కొనేవాళ్ళలో పర్షియావాళ్ళు ఉన్నారు, వాళ్ళ కంటికి నచ్చిన తోటలే మన బట్టలోకి దిగాయి. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో ఇక్కడ దిగారు. తర్వాత ఈ తీరపు పూలబట్టల మీద ఐరోపాకి ఎంత మోజు పుట్టిందంటే, అక్కడి నేతగాళ్ళు గోలపెట్టి నిషేధాలు తెప్పించారు. ఫ్రాన్సు 1686లో నిషేధించింది. ఇంగ్లండు 1721లో చట్టం చేసి అద్దకపు నూలుబట్ట కట్టుకోవడమే నేరం చేసింది. కట్టుకుంటే శిక్షపడేంత అందం మా ఊరి చుట్టుపక్కల తయారైందని బళ్ళో ఎవరూ మాకు చెప్పలేదు.

ఆ పాత బట్టలు చూడాలంటే ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంకో, న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంకో వెళ్ళాలి. ఇందులో దోపిడీ కథ వెతకనక్కర్లేదు, చాలావరకు వాళ్ళు కొనుక్కున్నవే. అమ్మడానికి చేసిన సరుకు అమ్ముడుపోయింది. ఉప్పుగాలి, ఉక్క, తుపాన్ల మధ్య ఇక్కడ మిగిలినా నిలిచేది అనుమానమే. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి ముప్పై వేలమంది పోయిన ఊరిది. మనుషులే మిగలని చోట దుప్పట్లు మిగలలేదని బాధపడటం బావుండదు.

మిగిలింది రాయి. బందరు కోట దగ్గర డచ్చివాళ్ళ సమాధులున్నాయి. పదిహేడో శతాబ్దపు నల్లరాతి పలకలు, వాటి మీద కుటుంబ చిహ్నాలు, చుట్టూ ఆకులూ పూలూ. అక్షరాలు రాతిలోకి చెక్కినవి కావు, చుట్టూ రాయి తీసేసి పైకి లేపినవి. పెడన నుంచి తిన్నగా ఇక్కడికొస్తే ఆ పలక నాకు పెద్ద అచ్చులా కనిపిస్తుంది. రంగు పూసి దుప్పటి మీద బోర్లిస్తే పడుతుందనిపిస్తుంది, కాకపోతే అక్షరాలు తిరగబడతాయి. అచ్చులు చెక్కేవాడు తిరగేసి చెక్కుతాడు, ఈ శిల్పి తిన్నగా చెక్కాడు. ఆ చేతులు ఏ ఊరివో రాయి మీద రాయలేదు.

అచ్చు అంటే గుర్తొచ్చింది, చిలకలపూడి. రోల్డ్‌గోల్డ్ నగలకు దేశమంతా పేరున్న పేట. అక్కడా పనికి ఆధారం అచ్చులే, కాకపోతే లోహపువి. పలుచటి రేకును వాటిమీద ఒత్తి ఆకులూ హంసలూ పైకి తేలుస్తారు. నగల కొట్టుకు వెళ్ళినప్పుడు మా ఇంట్లోవాళ్ళు మెరుపు చూస్తారు, నేను వెనక్కి తిప్పి గుంటలు చూస్తాను. కొట్టువాడికి నచ్చదు.

సంతకం పెట్టే కళ కూడా ఈ ఊళ్ళో ఉంది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. ఇంగ్లీషువాడి చదువుకు బదులు మన చదువు అన్నప్పుడు అందులో చిత్రలేఖనం ఉండి తీరాలని వాళ్ళకు తోచడమే గొప్ప. 1920ల్లో బెంగాల్ నుంచి ప్రమోద్ కుమార్ ఛటర్జీ వచ్చి ఇక్కడ బొమ్మలు నేర్పారు. ఆయన దగ్గర నేర్చుకున్నవారిలో అడివి బాపిరాజు ఒకరు. ఆ బాపిరాజే 1930ల్లో అదే కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. 'హిమబిందు', 'గోన గన్నారెడ్డి' చదివినవాళ్ళకు ఆయన నవలాకారుడు. నాకు మాత్రం ఆయన నవలల్లో మనిషి కంటే ముందు మనిషి కట్టుకున్న రంగు గదిలోకి వస్తున్నట్టుంటుంది. అక్కడే పాఠాలు చెప్పిన పింగళి వెంకయ్య 1916లో జెండా నమూనాలతో ఒక పుస్తకమే వేశారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీగారికి జెండా చూపించిన మనిషి ఆయనే. దేశంలో అందరికీ తెలిసిన బొమ్మ వెనక బందరు పాఠాలగది ఉంది.

ఒకే ఊళ్ళో ఇటు సంతకాలున్న బొమ్మలు, అటు సంతకం లేని బట్టలు. ఈ రెంటికీ రాకపోకలు ఎంత ఉండేవోనని నేను తరచూ ఆలోచిస్తాను. బాపిరాజు పెడన వెళ్ళి అచ్చు చేతబట్టుకుని ఉంటే ఏం గీసేవారో! మనవాళ్ళకు కాగితం మీద గీసినవాడు కళాకారుడు, బట్ట మీద అద్దినవాడు పనివాడు. ఈ లెక్క నాకు ఎప్పుడూ ఒప్పలేదు.

దసరాకి మాత్రం ఈ గొడవ ఉండదు. బందరు దసరా అంటే శక్తిపటాలు. కాళిక రూపమున్న పటాలు ఎత్తుకుని, డప్పుల మధ్య పేటపేటా తిరిగి, విజయదశమికి కోనేరు సెంటరుకు చేరతారు. ఆ రాత్రి బొమ్మ చూడటానికి టికెట్టు లేదు, అర్థం చెప్పే కాగితం లేదు. నాలుక ఎర్రగా ఉందా, కళ్ళల్లో కోపం ఉందా అన్నది ఊరంతా కలిసి తేలుస్తుంది. నిరుటికంటే ముఖం మెత్తబడిందని ముసలమ్మలు పెదవి విరుస్తారు. మేం చేసే కళావిమర్శ అదే.

ఒక ఫిర్యాదు కూడా చెప్పాలి. పెద్ద ఊళ్ళో ఒక పెద్ద కొట్టులో కలంకారీ అని చీర చూపించారు. తీగ ఎక్కడా తెగలేదు, పువ్వుకూ పువ్వుకూ వెంట్రుకంత తేడా లేదు, వెనకవైపు తెల్లగా ఉంది. అది యంత్రం మీద కొట్టిన బొమ్మ. అచ్చు చీర ధరలో సగానికే ఇస్తామన్నారు. తీసుకునేవాళ్ళు తీసుకోవచ్చు, చౌకబట్ట కట్టుకోవడం తప్పుకాదు. దానికి పెడన పేరు పెట్టి అమ్మడం తప్పు. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది, అడిగేవాళ్ళు లేకపోతే అది కాగితమే. చీర వెనకవైపు తిప్పి చూడండి, రంగు అటుకూడా దిగిందా లేదా. అంచు పట్టుకుని వెళ్ళి అతుకులు వెతకండి.

మా ఊరి పెద్దలకు ఒక మాట. పెద్ద భవనం ఎవరూ అడగడం లేదు. ఒక్క గది చాలు. అరిగిపోయి పొయ్యిలోకి పోతున్న పాత టేకు అచ్చులు కొన్ని, వాటితో అద్దిన బట్టలు, బాపిరాజు బొమ్మల మంచి నకళ్ళు, ఒక పాత శక్తిపటం. అచ్చు చెక్కినవాడి పేరు, అద్దినవాడి పేరు పక్కన రాయాలి. అద్దె ఎంతైనా ఏడాదికోసారి కట్టే ఫ్లెక్సీల ఖర్చు దాటదు.

అది వచ్చేలోగా పెడన వచ్చేయండి. వానాకాలం మాత్రం వద్దు, ఎండ లేకపోతే బట్ట ఆరదు. వేసవి ముదిరితే కాలవలు కట్టేస్తారు, జాడించడానికి నీళ్ళుండవు. సంక్రాంతి వెళ్ళాక, పొద్దున పూట రండి. గంగాళం కింద మంట అప్పుడే వేస్తారు.