ఒక ఆట, ఒక సందేహం

మన కళాశాల వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి పంపవలసిందని సంపాదకవర్గం కోరినప్పుడు, పూర్వవిద్యార్థిగా నాకు సంతోషంతోపాటు కొంత సంకోచమూ కలిగింది. భాషను గురించి, విజ్ఞానాన్ని గురించి పెద్దలు వ్రాసే ఈ పుటలలో ఒక ఆటను గురించి వ్రాయడం ఉచితమా అని సందేహించాను. అయినా తరగతి గదిలో నేను సరిగా నేర్వని ఒక పాఠాన్ని ఆ ఆట నాకు నేర్పింది. ఎదుటివాడు ఒక నియమాన్ని గురించి అడిగితే ఎలా సమాధానం చెప్పాలన్నదే ఆ పాఠం. దాన్ని నేర్చుకోవడానికి నేను చెల్లించిన మూల్యం కూడా చిన్నది కాదు. అందుచేత సాహసించి వ్రాస్తున్నాను.

ఆ ఆట పేరు డంజియన్స్ అండ్ డ్రాగన్స్. చదరంగంలోవలె ఇందులో ఎదుటివానిని ఓడించడం ఉండదు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు ఖడ్గధారి, ఒకరు మాంత్రికుడు, ఒకరు మాయోపాయాలు తెలిసిన చోరుడు, ఇలా తలా ఒక పాత్రను ధరిస్తారు. ఒక్కరు మాత్రం ఏ వీరుని పక్షమూ వహింపక కథను నడుపుతారు. కోట తలుపు వెనుక ఏమున్నదో చెప్పేదీ, రాక్షసుని పక్షాన మాట్లాడేదీ, నియమాల విషయమై తీర్పు చెప్పేదీ వారే. వారిని డంజియన్ మాస్టర్ అంటారు. నేను నిర్వాహకుడని వ్యవహరిస్తాను. వీరుడు కందకం దూకగలడా లేదా అన్న సందిగ్ధం వచ్చిన చోట 20 ముఖాల పాచిక వేసి ఫలితం నిర్ణయిస్తారు.

ఈ ఆటను అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా పట్టణానికి చెందిన గారీ గైగాక్స్, మిన్నెసోటాకు చెందిన డేవ్ ఆర్నెసన్ కలిసి రూపొందించి 1974లో ప్రకటించారు. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. తొలి ముద్రణ 1000 ప్రతులు. ఆ పుస్తకాలు యుద్ధ నియమాల కోసం 1971లో వెలువడిన చైన్‌మెయిల్ అనే మరొక పుస్తకాన్ని ఆశ్రయించాయి. అది చేతిలో లేనివారికి సందేహాలు రావడంలో ఆశ్చర్యమేమున్నది? కాలక్రమాన, 1976లో మొదలైన డ్రాగన్ అనే పత్రికలో, కేవలం నియమ సందేహాలకు సమాధానాలు చెప్పడానికే 1979లో సేజ్ అడ్వైస్ అనే శీర్షికను ప్రారంభించారు. అంటే ముని హితవు అన్నమాట. తొలుత దానిని నిర్వహించినవారు జీన్ వెల్స్ అనే మహిళ. తరువాత స్కిప్ విలియమ్స్ అనేక సంవత్సరాలు నిర్వహించారు. ఒక ఆటకు శీర్షిక నిర్వహించి సందేహాలు తీర్చవలసి వచ్చిందంటే, నియమాలు వ్రాసినంత మాత్రాన పని పూర్తి కాదని తెలుస్తున్నది.

నేను 2017లో పై చదువుకై విస్కాన్సిన్‌లోని మిల్వాకీ నగరానికి వెళ్ళాను. ఆట పుట్టిన ఊరు అక్కడికి కారులో గంట ప్రయాణం. మన కళాశాలలోనే ఉర్దూ విభాగంలో నాకంటె ఒక సంవత్సరం వెనుక చదివిన మిత్రుడు కూడా అక్కడికే వచ్చాడు. నన్ను ‘అన్నా’ అనేవాడు. నేనతనిని ‘భాయ్’ అనేవాడిని. శీతకాలంలో మంచు మోకాటి లోతున పడి బయటకు కదలలేని శనివారాలలో, మరి ముగ్గురితో కలిసి మా గదిలో ఈ ఆట మొదలుపెట్టాము. 2014లో వచ్చిన అయిదవ కూర్పు పుస్తకాలను నేనే కొన్నందువల్ల నిర్వాహకత్వం నాకే దక్కింది.

ఈ మాయాలోకం మా ఇద్దరికీ కొత్తది కాదు. నేను చందమామ కథలతోను, పాతాళభైరవి చిత్రంతోను పెరిగినవాడిని. అతడేమో తన తాతగారి నోట తిలిస్మె హోష్‌రుబా విన్నవాడు. 1883 నుంచి లక్నోలో నవల్ కిశోర్ ముద్రణాలయం సంపుటాలుగా ప్రచురించిన ఆ దాస్తాన్‌లో అమర్ అయ్యార్ అనే మాయగాడున్నాడు. అతని జంబీల్ అనే సంచిలో ఎన్ని వస్తువులైనా పడతాయి. మా మిత్రుడు తన చోరపాత్రను ఆ అయ్యార్ అచ్చులోనే మలచుకున్నాడు. ఆటలో అతనికొక మాయసంచి దొరికిన రోజున, అందులో 500 పౌనులకు మించి పట్టదని నేను పుస్తకం చదివి చెప్పాను. “జంబీల్‌కు తూకమెక్కడిది అన్నా? మా తాతగారు వింటే నవ్విపోతారు,” అన్నాడు. అందరం నవ్వుకున్నాము. పుస్తకంలోని నియమం అతనికీ చూపించాను, అతడు ఒప్పుకున్నాడు. ఆ రోజు నా తీర్పు వల్ల ఎవరి మనసూ నొచ్చుకోలేదు. ఎందుకని ఆలోచించే తెలివి అప్పుడు నాకు లేకపోయింది.

తొమ్మిది నెలలు గడిచాయి. ఒకనాటి రాత్రి, ఆటలో ఒక కోట ముట్టడి జరుగుతున్నది. మిత్రుని పాత్ర ప్రాణసంఖ్య సున్నకు దిగి, స్పృహ తప్పి కందకం పక్కన పడిపోయాడు. అటువంటి పాత్ర ప్రతి వంతులోను పాచిక వేయాలి. 10 గాని అంతకుమించి గాని పడితే జయం, తగ్గితే అపజయం. మూడు జయాలు వస్తే ప్రాణం నిలుస్తుంది. మూడు అపజయాలు వస్తే మరణమే. అతనికి అప్పటికి ఒక అపజయం వచ్చి ఉన్నది. ఇంతలో కోట బురుజుపై నుంచి శత్రువు వేసిన బాణం అతనికి తగిలింది. పడి ఉన్నవానికి దెబ్బ తగిలితే ఒక అపజయం. ఆ దెబ్బ మర్మాఘాతమైతే రెండు. స్పృహ లేనివానికి తగిలిన ప్రతి దెబ్బా మర్మాఘాతమే అని నాకు జ్ఞాపకం. ఒకటి, రెండు కలిసి మూడు. “నీ పాత్ర మరణించింది భాయ్,” అన్నాను.

అతడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, “అన్నా, బురుజు చాలా దూరం కదా. ఒక్కసారి పుస్తకం చూద్దామా?” అని అడిగాడు. అప్పటికే రాత్రి పన్నెండు దాటింది. అందరి ముందు నా జ్ఞాపకశక్తిని శంకించినట్లు నాకు తోచింది. “నిర్వాహకుని మాటే తుది మాట. ముందుకు సాగుదాం,” అన్నాను. అతడు తన పాచికలను సంచిలో వేసుకొని, “సరే అన్నా, మీ ఇష్టం,” అని లేచి వెళ్ళాడు. ఆ ‘సరే’లో ఎంత దూరమున్నదో గ్రహించవలసినవాడిని, గ్రహించలేదు.

అందరూ వెళ్ళిన తరువాత నిద్ర పట్టక పుస్తకం తెరిచాను. మరణానికి సంబంధించిన పుటలో నేను చెప్పినదే ఉన్నది. కాని స్పృహ తప్పడమంటే ఏమిటో వివరించేది ఆ పుటలో కాదు, పుస్తకం చివరి అనుబంధంలో. కొట్టినవాడు 5 అడుగుల లోపల ఉన్నప్పుడే ఆ దెబ్బ మర్మాఘాతమని అక్కడ స్పష్టంగా ఉన్నది. బురుజు మీదివాడు 5 అడుగులలో ఎలా ఉంటాడు? కాబట్టి అతనికి వచ్చినవి రెండు అపజయాలే. పాత్ర బ్రతికే ఉన్నది. మిత్రుడు అడిగినది సరిగ్గా ఆ దూరాన్ని గురించే!

ఇక్కడ ఒక సత్యాన్ని ఒప్పుకోవాలి. ఈ సంగతి నాకు ఆ రాత్రే తెలిసింది. అయినా రెండు వారాలు దాచాను. ఆ రెండు శనివారాలు అతడు రాలేదు. ‘ఆటే కదా, మరచిపోతాడులే’ అని నన్ను నేను సమాధానపరచుకున్నాను. రెండవ శనివారం అతని ఖాళీ కుర్చీని చూసిన తరువాత ఆ సమాధానం నిలువలేదు. మరునాడు పుస్తకం చంకన పెట్టుకొని అతని గదికి వెళ్ళాను. అనుబంధం తెరిచి, “నాది తప్పు భాయ్. ఆ రాత్రే తెలిసింది, చెప్పలేకపోయాను,” అన్నాను. అతడు ఆ వాక్యం చదివి పుస్తకం మూసి, “బాణం తగిలినందుకు కాదన్నా నాకు బాధ. ఆటన్నాక పాత్ర చస్తుంది. అడిగితే మీరు పుస్తకం తెరవలేదు, అందుకు,” అన్నాడు.

నేను తప్పు చేసింది నలుగురి ముందు. క్షమాపణ చెప్పింది నాలుగు గోడల మధ్య. అది చాలదని తెలుసుకొని, తరువాతి శనివారం అందరి ఎదుట ఆ పుట చదివి వినిపించాను. ఆ తరువాత రెండు వారాలు జరిగిన కథను రద్దు చేసి, తిరిగి ఆ బాణం దగ్గర నుంచే ఆడదామని అందరూ ఒప్పుకున్నారు. వరుసలో తరువాతి వంతు మిత్రునిదే. అతనికి రెండు అపజయాలున్నాయి. పాచికపై 20 ముఖాలలో 11 ముఖాలు అతని పక్షాన ఉన్నాయి. వేశాడు. 6 పడింది. మూడవ అపజయం!

గదిలో ఎవరూ మాట్లాడలేదు. అతడు ఆ పాచికను చూసి నవ్వి, “ఇప్పుడు చచ్చాడన్నా. ఇది న్యాయంగా ఉంది,” అన్నాడు. మరుక్షణమే కొత్త పాత్ర కోసం కాగితం తీసుకున్నాడు. ఫలితం రెండుసార్లూ ఒకటే. మొదటిసారి అతడు లేచి వెళ్ళిపోయాడు. రెండవసారి మాతోనే కూర్చున్నాడు. ఆ తేడాకు కారణం ఒక పుస్తకం తెరవడమే.

నాటి నుంచి మా బల్ల వద్ద కొన్ని పద్ధతులు పెట్టుకున్నాము. సందేహాన్ని చివరిదాకా వినడం మొదటిది. ఒక పుటతో తృప్తి చెందక, సాధారణ నియమానికి ప్రత్యేక నియమమేదైనా మినహాయింపు ఇస్తున్నదేమో చూడడం రెండవది. ప్రత్యేకమే సాధారణాన్ని మించుతుందని ఆ పుస్తకం పీఠికలోనే ఉన్నది. వెంటనే దొరకకపోతే ‘ఇది ఈ రాత్రికి మాత్రమే’ అని చెప్పి తీర్పు ఇచ్చి, ఆట ముగిశాక వెదకడం మూడవది. తప్పు తేలితే, తప్పు చేసిన చోటనే ఒప్పుకోవడం నాలుగవది. నిర్వాహకుడు నియమాలకూ ఆటగాళ్ళకూ నడుమ మధ్యవర్తి అని ఆ పుస్తకాలే చెబుతున్నాయి. ‘తుది మాట నాదే’ అన్నవాడు ఆ మాటకు కారణం చూపడానికీ బద్ధుడు కావాలి.

విద్యార్థి మిత్రులారా! రేపు మీరు ఉపాధ్యాయులో, అధికారులో, ఏదో ఒక సంఘానికి కార్యదర్శులో అవుతారు. మీ ముందుకు ఎవరో వచ్చి, “అయ్యా, ఆ నియమం ఒక్కసారి చూద్దామా?” అని అడుగుతారు. అది మీ అధికారాన్ని ధిక్కరించడం కాదు. ఆ నియమాన్నీ, మిమ్మల్నీ ఇంకా నమ్ముతున్నవాడే ఆ ప్రశ్న అడుగుతాడు. నమ్మకం పోయినవాడు ‘సరే, మీ ఇష్టం’ అని లేచిపోతాడు. ఆ మాట వినవలసిన పరిస్థితి రాకముందే పుస్తకం తెరవండి.