ఎనిమిదో నంబరు

బాస్కెట్‌బాల్ స్కోరుషీటులో ఆడపిల్ల పేరు ఒక్కచోటే ఉంటుంది, ఎడమ పక్క జాబితాలో. ఆ తర్వాత ఆటంతా అంకెలే. గోల్ పడితే ఏటవాలు గీత, ఫ్రీ త్రో అయితే నల్లటి చుక్క, మూడు పాయింట్ల షాటయితే వేసిన పిల్ల నంబరు చుట్టూ సున్నా. అప్పట్లో నంబర్లు కూడా నాలుగు నించి పదిహేను దాకానే. నాకు ఆట రాలేదు గానీ ఈ రాత వచ్చింది. డిగ్రీలో ఉండగా చేతిరాత బాగుందని మా పి.డి. గారు నన్ను స్కోరు టేబుల్ దగ్గర కూచోబెట్టారు.

ఒకసారి భద్రాచలం వైపు నించి ఒక హాస్టల్ టీము వచ్చింది. అందరూ కోయ పిల్లలు. నలుగురికి బూట్లు లేవు. పేర్లు చెప్పమంటే గోడ వైపు చూస్తూ చెప్పారు. ఎనిమిదో నంబరు పిల్ల ఇంటిపేరు నాకు సరిగా వినపడలేదు. మళ్ళీ అడగలేదు. తోచింది రాసేశాను. ఖమ్మం టీములో పిల్లల పేర్లు మాత్రం ఇంటిపేర్లతో సహా గుండ్రంగా రాశాను. అవి నాకు తెలిసిన పేర్లు కదా.

ఆ రోజు ఎనిమిదో నంబరు ముప్పై ఒక్క పాయింట్లు వేసింది. ఆ వరసన గీతలు గీస్తూ నాకే చెయ్యి నొప్పెట్టింది.

ఏళ్ళ తర్వాత, నేను లెక్చరర్‌నయ్యాక, ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చంకలో పిల్ల, చేతిలో సర్టిఫికెట్. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి పెట్టుకుంటే సర్టిఫికెట్‌లో పేరూ పదో తరగతి మెమోలో పేరూ కలవలేదన్నారట. సర్టిఫికెట్లు స్కోరుషీటు చూసి రాసినవి. స్కోరుషీటు రాసింది నేను. పాత షీట్లన్నీ ఎప్పుడో చిత్తుకాగితాల కింద తూకానికి వెళ్ళిపోయాయి. ఇద్దరూ ఒకరేనని ఒక ఉత్తరం రాసిచ్చాను. పనికిరాలేదు. “పోనీలెండి మేడం” అని ఆమే నాకు చెప్పి వెళ్ళింది.

లినెట్ వుడార్డ్ గురించి చదివినప్పుడు ఇదంతా మళ్ళీ గుర్తొచ్చింది. అమెరికాలో కాన్సస్ విశ్వవిద్యాలయం తరఫున 1977 నించి 1981 దాకా ఆడి 3,649 పాయింట్లు వేసిన నల్లజాతి క్రీడాకారిణి ఆమె. అప్పుడు కాలేజీ ఆడపిల్లల ఆటల్ని నడిపింది ఏ.ఐ.ఏ.డబ్ల్యూ. అనే మహిళల సంఘం. ఆ తర్వాత పెత్తనం ఎన్.సి.ఎ.ఎ. చేతికి వెళ్ళింది. అది పాత లెక్కల్ని తన రికార్డుల్లో కలుపుకోలేదు. 2024 ఫిబ్రవరిలో కెయిట్లిన్ క్లార్క్ 3,527 దాటగానే కొత్త రికార్డని ప్రకటించారు. క్లార్క్ కోచ్ లీసా బ్లూడర్ మాత్రం వుడార్డ్‌ని గుర్తు చేసింది. క్లార్క్ ఆ అంకెను కూడా అదే నెల 28న దాటింది, అది వేరే సంగతి. డబ్ల్యూ.ఎన్.బి.ఎ. మొదలైన 1997కి వుడార్డ్‌కి ముప్పై ఏడేళ్ళు. అయినా వెళ్ళి ఆడింది.

మన దగ్గర బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయికి రైల్వే ఉద్యోగమే పెద్ద ఆధారం. దక్షిణ రైల్వేలో ఆడిన కేరళ అమ్మాయి గీతూ అన్నా జోస్ 2011లో డబ్ల్యూ.ఎన్.బి.ఎ. జట్ల ఎంపికలకి అమెరికా దాకా వెళ్ళొచ్చింది.

క్రికెట్ కథ కొంత నయం. 1973లో పుట్టిన మహిళా క్రికెట్ సంఘం 2006లో బి.సి.సి.ఐ.లో కలిసింది. మన హైదరాబాద్ మిథాలీ రాజ్ ఆ పాత సంఘం రోజుల్లో, 1999లో చేసిన పరుగులు కూడా ఆమె 7,805 వన్డే పరుగుల్లో ఉన్నాయి. ఎవరూ తీసెయ్యలేదు.

2025 జనవరి 28న భద్రాచలంలో పుట్టిన గొంగడి త్రిష, కౌలాలంపూర్‌లో స్కాట్లాండ్ మీద 59 బంతుల్లో 110 కొట్టి అవుట్ కాకుండా నిలిచింది. అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్‌లో అది మొట్టమొదటి సెంచరీ. టోర్నీ మొత్తం 309 పరుగులు, ఏడు వికెట్లు. ఫైనల్లో మూడు వికెట్లు తీసి, 44 పరుగులతో అజేయంగా నిలిచింది. ప్రతి బంతికీ లెక్క ఉంది. నాకు కళ్ళు చెమర్చాయి. అయితే ఒక మాట. ఆమె కుటుంబం ఆట కోసం అన్నీ వదులుకుని సికింద్రాబాద్ వెళ్ళగలిగింది. పత్రికలన్నీ తండ్రి త్యాగమే రాశాయి, తల్లి గురించి రెండు వాక్యాలు వెతుక్కోవాల్సొచ్చింది. ఎనిమిదో నంబరు ఇంట్లో వదులుకోటానికి ఏముందని?

ఆ రాత్రి ఆమెకి ఫోన్ చేశాను. సెంచరీ సంగతి ఆమెకి అప్పటికే తెలుసు. వాళ్ళమ్మాయి ఫోన్లో చూపించిందట. “మన భద్రాచలం పిల్లే కదా మేడం” అని చాలాసేపు సంబరంగా మాట్లాడింది. తన ముప్పై ఒక్క పాయింట్లు గుర్తున్నాయా అని అడిగితే, “ముప్పై మూడు. మీరు ఒక గోల్ రాయలేదు” అంది.

నీ గురించి రాస్తాను, పేరు పెట్టనా అన్నాను. వద్దంది, ఊళ్ళో నవ్వుతారంది. ఇంటిపేరు మాత్రం రెండుసార్లు అడిగి, అక్షరం అక్షరం పలికించుకుని నా డైరీలో రాసుకున్నాను.