నిశ్శబ్దానికి గంటకెంత?

ఎయిర్‌పాడ్స్ 4 రెండు రకాలుగా వచ్చాయి. 2024 సెప్టెంబరులో విడుదలైనప్పుడు మన దగ్గర ఒకదాని ధర 12,900 రూపాయలు, రెండోదానిది 17,900. చూడ్డానికి రెండూ కవలలే. అవే కాడలు, అదే హెచ్2 చిప్. చెవి రంధ్రంలోకి దిగే రబ్బరు మూత రెండింటికీ లేదు. అదనంగా పెట్టే ఐదు వేలకు ముఖ్యంగా వచ్చేది బయటి హోరును తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్. దాంతోపాటు వైరు లేకుండా ఛార్జ్ అయ్యే కేసు, అది ఎక్కడైనా పెట్టి మర్చిపోతే మోగే చిన్న స్పీకరు. ఇయర్‌బడ్స్ కొనాలా వద్దా అన్నది మా ఇంట్లో ఎప్పుడో తేలిపోయింది. ఈ ఐదు వేల సంగతే ఎంతకీ తేలలేదు.

రబ్బరు మూతలున్న రకం ఎందుకు వద్దనుకున్నానో ముందు చెప్పాలి. చెవిని బిగించి మూసేవి నాకు పడవు. అవి పెట్టుకుని నడిస్తే నా అడుగుల చప్పుడు నా తలలోనే దబదబా వినిపిస్తుంది. జంతిక నమిలితే ఇక చెప్పనక్కర్లేదు. దానికైతే అలవాటు పడొచ్చు గానీ, వానాకాలంలో చెవిలో తేమ చేరి దురద పట్టుకున్నప్పుడు మాత్రం ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లక తప్పలేదు. ఫంగస్ అన్నారు, చుక్కల మందు రాశారు, కొన్నాళ్లు చెవిలో ఏదీ దూర్చొద్దన్నారు. ఫీజూ మందులూ కలిపి వెయ్యి దాటింది. ఆ వెయ్యిని ఖర్చుల పుస్తకంలో వైద్యం కింద కాకుండా పాత ఇయర్‌బడ్స్ కిందే రాసుకున్నాను. కాబట్టి అప్పట్లో 24,900 ఉన్న, రబ్బరు మూతలుండే ఎయిర్‌పాడ్స్ ప్రో కొనడమన్న మాట అక్కడితో ఆగిపోయింది. నిశ్శబ్దం విషయంలో ప్రోదే పైచేయి, సందేహం లేదు. కానీ నా చెవి ఒప్పుకోని వస్తువు ఎంత గొప్పదైతే నాకేం?

మావారిది శాంసంగ్ ఫోను. ఆయన గెలాక్సీ బడ్స్ 3 చూశారు. అదీ మూత లేని రకమే, నాయిస్ క్యాన్సిలింగ్ ఉంది, 2024 జులైలో వచ్చినప్పుడు 14,999. అందులో నాయిస్ క్యాన్సిలింగ్ లేని చవక రకం లేదు కాబట్టి నాకొచ్చిన చిక్కు ఆయనకు రాలేదు. కొంటే కొనాలి, లేదంటే మానాలి. ఆయన ఆఫీసుకు బండి మీద వెళ్తారు. బండి మీద చెవుల్లో ఏదీ పెట్టుకోరు, పెట్టుకుంటానన్నా నేను ఊరుకోను. ఇంటికొచ్చాక టీవీ ముందు కూర్చుంటారు. మరి ఆ పదిహేను వేల వస్తువును వాడేదెప్పుడు? మానేశారు.

నా సంగతి వేరు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగుతాను. రానూపోనూ రోజుకు రెండు గంటలు నా చెవులు ఆ రైలు హోరులోనే ఉంటాయి. అందుకే ఈ నాయిస్ క్యాన్సిలింగ్ ఎలా పనిచేస్తుందో కాస్త గట్టిగానే చదివాను. బయటి శబ్దాన్ని మైకు పట్టుకుంటుంది. దానికి సరిగ్గా తిరగబడిన తరంగాన్ని లోపలి స్పీకరు వినిపిస్తుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఈ ఆలోచనకు పాల్ ల్యూగ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడికి అమెరికాలో 1936లోనే పేటెంట్ వచ్చింది. బెంగాలీ తండ్రికి అమెరికాలో పుట్టిన అమర్ బోస్, 1978లో ఒక విమాన ప్రయాణంలో ఇంజను హోరు మధ్య పాటలు సరిగా వినపడక దీనిమీద పని మొదలుపెట్టాడు. 1989లో పైలట్ల హెడ్‌సెట్ తెచ్చాడు. అది చెవిని పూర్తిగా కప్పేసే డొప్పల రకం. మూసిన చెవిలో ఏ శబ్దం ఎంత ఉందో లెక్కకట్టడం తేలిక. తెరిచి ఉన్న చెవిలో పక్కల నుంచి గాలీ శబ్దమూ రెండూ దూరుతూనే ఉంటాయి, అదీ ఒక్కో చెవికి ఒక్కోలా. అందుకే ఈ రకం చేసే పని ఎప్పుడూ అరకొరే. దుకాణంలో అడిగితే ‘సూపర్ సైలెంట్ మేడమ్’ అంటారు. నమ్మకండి.

ఇంకో జాగ్రత్త. పదిహేను వందలకు, రెండు వేలకు దొరికే మూత లేని ఇయర్‌బడ్స్ అట్టపెట్టెల మీద చాలావాటికి ఈఎన్‌సీ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. అది ఏఎన్‌సీ, అంటే ఇప్పటిదాకా చెప్పుకున్న నాయిస్ క్యాన్సిలింగ్, కాదు. ఈఎన్‌సీ మీ మైకు కోసం. మీరు ఫోన్లో మాట్లాడేటప్పుడు మీ చుట్టూ ఉన్న గోల అవతలివాళ్లకు వినపడకుండా చూస్తుంది. మీ చెవికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఆ రెండు వేలవి బాగుండవని అనడం లేదు. కాల్స్‌కు భేషుగ్గా సరిపోతాయి. మనం కొంటున్నదేంటో తెలిసి కొనాలి, అంతే.

అదృష్టం కొద్దీ ఆఫీసులో మా టీమ్ అమ్మాయి దగ్గర 17,900ది ఉంది. “వాడి చూసి చెప్పక్కా” అని ఇచ్చింది. దూదితో శుభ్రంగా తుడుచుకుని మెట్రోలో పెట్టుకున్నాను. తార్నాక దాటాక ఆన్ చేయడం, మెట్టుగూడలో ఆపడం, మళ్లీ ఆన్ చేయడం. ఏసీ గాలి హోరు, చక్రాల కింది నుంచి వచ్చే గుర్రుమనే శబ్దం, ఈ రెండూ బాగా తగ్గాయి. మలుపులో పట్టాల కీచు తగ్గలేదు. ఎదుటి సీట్లో పాప ఏడుపు తగ్గలేదు. హెడ్‌ఫోన్స్ లేకుండా రీల్స్ చూసే మహానుభావుడి గోలా తగ్గలేదు. స్టేషన్ పేరు చెప్పే ప్రకటన కూడా వినపడింది, దానికి మాత్రం సంతోషం. ఈ తేడా ఎందుకంటే, నాయిస్ క్యాన్సిలింగ్ ముఖ్యంగా కొట్టేసేది ఒకే తీరుగా సాగే బొంగురు శబ్దాలను. సన్నగా, ఉన్నట్టుండి వచ్చేవి దాని చేతికి అంతగా చిక్కవు. ఇంట్లో పెట్టుకుంటే ఫ్యాను, కూలరు చప్పుడు తగ్గింది. కుక్కర్ విజిల్, అత్తయ్య పిలుపు యథాతథం. వంటింట్లో పనిచేసుకుంటూ వినేవాళ్లకు నిజానికి అదే మంచిది.

నన్ను ఒప్పించింది నిశ్శబ్దం కూడా కాదు, వాల్యూమ్. ఎంత గట్టిగా వింటున్నామో ఐఫోను డెసిబెల్స్‌లో చూపిస్తుంది. నాయిస్ క్యాన్సిలింగ్ ఆపితే అదే పాట వినడానికి మెట్రోలో వాల్యూమ్ గీతను బాగా పైకి జరపాల్సి వచ్చింది. తెరిచి ఉన్న చెవి రకంతో ఉన్న అసలు ప్రమాదం ఇదే. బయటి హోరు లోపలికి వస్తుంది, మనం దానిమీద గెలవాలని పెంచుకుంటూ పోతాం. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటల దాకా పర్వాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 90కి వెళ్తే ఆ 40 గంటలు కాస్తా 4 అవుతాయి. నా మెట్రో ప్రయాణమే వారానికి పది గంటలు.

ఇక లెక్క. అసలు ధరలతోనే వేశాను. పండగ సేల్‌లో తగ్గితే అది కలిసొచ్చినట్టు. నెలకు 22 రోజుల ఆఫీసు, రోజుకు రెండు గంటలు, మొత్తం 44 గంటలు. ఐదు వేలను మూడేళ్లకు పంచితే నెలకు 139 రూపాయలు. గంటకు మూడు రూపాయల పైచిలుకు. అయితే మూడేళ్లు వస్తుందన్న నమ్మకం నాకు లేదు. ఇంత చిన్న బ్యాటరీలు వాడేకొద్దీ నీరసిస్తాయి. కొత్తలోనే ఒకసారి ఛార్జ్ చేస్తే మామూలుగా 5 గంటల దాకా, నాయిస్ క్యాన్సిలింగ్ పెడితే 4 గంటల దాకా అని కంపెనీయే చెబుతోంది. ఎక్కువ కరెంటు తాగేది త్వరగా అరుగుతుంది. కాబట్టి రెండేళ్లే అనుకున్నాను. అప్పుడు నెలకు 208, గంటకు ఐదు రూపాయలకు కాస్త తక్కువ. అదే ఐదు వేలు ఏడు శాతం ఫిక్సెడ్ డిపాజిట్లో వేస్తే మూడేళ్లకు 6,125 పైనే అవుతుంది. మావారు ఈ ముక్క గుర్తుచేశారు. చెవికి వడ్డీ ఎంతో కూడా చెప్పమన్నాను, నవ్వి ఊరుకున్నారు.

డబ్బు ఒకేసారి కట్టేశాను. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అని ఊరించారు గానీ, వడ్డీ లేని అప్పంటూ ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు తేల్చి చెప్పింది. ఇప్పుడు జరిగేదేమిటంటే వడ్డీ వేస్తారు, అంతమేర ధరలో తగ్గిస్తారు. కానీ క్రెడిట్ కార్డు ఈఎంఐలో ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మనమే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు, దానిమీద మళ్లీ జీఎస్టీ. వడ్డీ 800 అనుకోండి, జీఎస్టీ 144. ఫీజు 199 అయితే దానికి మరో 36. అంతా కలిపి 379. నా రెండేళ్ల లెక్కలో అది దాదాపు రెండు నెలల నాయిస్ క్యాన్సిలింగ్‌తో సమానం. పైగా చాలా చోట్ల ఈఎంఐ ఎంచుకుంటే కార్డు డిస్కౌంటు మారిపోతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

కొనేముందు అడగాల్సినవి ఇంకో రెండున్నాయి. ఒకటి, ఒక్క బడ్డే పోతే కొత్తదానికి ఎంత అని. మూత లేనిది చెవిలో బిగిసి ఉండదు, రద్దీలో ఎవరి మోచెయ్యో తగిలితే జారుతుంది. పోగొట్టుకుంటే వారంటీ వర్తించదు. రెండు, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా, లేక పాడైతేనే మార్చి ఇస్తారా అని. చెవిలో పెట్టుకునే వస్తువు కాబట్టి వెనక్కి తీసుకోవడానికి చాలామంది ఒప్పుకోరు. తెలిసినవాళ్లవి పెట్టుకుని, తల ఊపి, మెట్లెక్కి దిగి, ఏదైనా నములుతూ చూడండి. అప్పుడే జారిపోతుంటే అరకొర నిశ్శబ్దం కూడా రాదు. డబ్బులు దండగే.

నేను 17,900దే తీసుకున్నాను. రేపు మా ఆఫీసు వారానికి రెండు రోజులే రమ్మంటే మాత్రం ఇదే లెక్క తిరగబడుతుంది. నెలకు 17 గంటలే, రెండేళ్లకు పంచితే గంటకు పన్నెండు రూపాయల పైన. ఆ ధరకు అరకొర నిశ్శబ్దం నేను కొనను, 12,900ది చాలు. ఇంట్లోంచే పనిచేసేవాళ్లకు, ఫోన్ కాల్సే ముఖ్యమైనవాళ్లకు అదీ అక్కర్లేదు, రెండు వేలది సరిపోతుంది. బస్సులో, రైల్లో, ఏసీ హోరు మధ్య మీరు నెలకు ఎన్ని గంటలు ఉంటారో రాసుకోండి. ఐదు వేలను ముందు 24తో, వచ్చినదాన్ని ఆ గంటలతో భాగించండి. గంటకు ఐదు రూపాయల లోపు వస్తే తీసుకోండి, దాటితే ఆ ఐదు వేలు బ్యాంకులోనే ఉంచండి.