పోలీసు కార్ల పుట్టింటికి వెళ్లొచ్చాం

పిల్లల్ని చూడ్డానికి కెనడా వెళ్లిన తల్లిదండ్రులు ఎవరైనా ముందు నయాగరా చూస్తారు. మేమూ చూశాం. రెయిన్‌కోట్లు తొడుక్కుని ఫొటోలు కూడా దిగాం. మావారు మాత్రం జలపాతాన్ని వదిలేసి, పార్కింగ్‌లో ఆగి ఉన్న పోలీసు కారు చుట్టూ ఓ ప్రదక్షిణ చేసొచ్చారు. ‘‘ఇది ఎక్స్‌ప్లోరర్. పాతవన్నీ పోయినట్టున్నాయి’’ అన్నారు, దూరపు బంధువు పోయిన కబురు విన్నట్టు.

ఆయన పోలీసు శాఖ మోటారు ట్రాన్స్‌పోర్టు విభాగంలో ముప్ఫై మూడేళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. టీవీలో ఇంగ్లిషు సినిమా వస్తే మేమంతా కథ చూస్తాం, ఆయన కార్లు చూస్తారు. హీరో వెనకాల సైరన్ మోగించుకుంటూ వచ్చే ఆ పొడవాటి కారు పేరు ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా అనీ, అమెరికా నగరాల పోలీసులు ఏళ్ల తరబడి ఎక్కువగా వాడింది దాన్నేననీ, అది తయారైంది మాత్రం కెనడాలోని ఓ చిన్న ఊళ్లో అనీ మాకు చెప్పింది ఆయనే. ఆ ఊరు సెయింట్ థామస్. మా అమ్మాయి వాళ్లుండే మిసిసాగా నుంచి సుమారు రెండు గంటల ప్రయాణం.

‘‘అక్కడేముంది నాన్నా, ఫ్యాక్టరీ మూసేసి చాలా ఏళ్లయింది కదా’’ అంది అమ్మాయి.

‘‘పుట్టిల్లు పడిపోయినా ఆడపిల్ల ఓసారి వెళ్లి చూసొస్తుంది కదమ్మా’’ అన్నారీయన. ఇక అల్లుడు కాదనలేకపోయాడు.

రంగు మార్చితే రగడ

సెప్టెంబరులో ఓ శనివారం పొద్దున్నే పులిహోర, పెరుగన్నం కట్టుకుని బయల్దేరాం. 401 హైవే మీద దారంతా పోలీసు కార్ల ముచ్చట్లే. టొరంటో పోలీసులు 2016లో తమ తెల్లకార్ల బదులు ముదురు బూడిద రంగు కార్లు తెచ్చారట. రాత్రిపూట కనిపించడం లేదని, చూస్తేనే భయం వేస్తోందని జనమూ నగర కౌన్సిలర్లూ గొడవ చేశారట. ‘‘అవసరం వచ్చినప్పుడు దూరం నుంచే గుర్తుపట్టాలి కదా మావయ్యగారూ’’ అన్నాడు అల్లుడు. మావారు తలూపారు. పన్ను కట్టేవాళ్లు తమ ఊరి పోలీసు కారు రంగు గురించి కూడా అడగొచ్చన్నమాట అనుకున్నాన్నేను.

జంబో పోయిన తేదీనే

సెయింట్ థామస్‌ పడమటి అంచున మనకు ముందుగా కనిపించేది కారు కాదు, ఏనుగు! నిలువెత్తు విగ్రహం. లండన్ జూలో పెరిగిన జంబోని 1882లో పి.టి. బార్నమ్ అనే అమెరికా సర్కస్ యజమాని కొనుక్కుపోయాడు. ఆ సర్కస్ ఈ ఊరొచ్చినప్పుడు, 1885 సెప్టెంబరు 15న, రైలు ఢీకొని జంబో చనిపోయింది. వందేళ్లు నిండిన సందర్భంగా 1985లో ఈ విగ్రహం పెట్టారు. పెద్ద విమానాన్ని జంబో జెట్ అన్నా, మన ఊళ్లకొచ్చే సర్కస్‌కి జంబో అని పేరు పెట్టినా ఆ చలవ దీనిదే.

విగ్రహం కింద తేదీ చదివి మావారు నోరెళ్లబెట్టారు. ఆఖరి క్రౌన్ విక్టోరియా ఈ ఊరి ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది కూడా సెప్టెంబరు 15నే. సంవత్సరం 2011. ఆ కారు సౌదీ అరేబియాకు వెళ్లింది. అదే రోజు ఫ్యాక్టరీకి తాళం పడింది. వెయ్యి మందికి పైగా కార్మికులు ఇళ్లకు వెళ్లిపోయారు.

గోడౌన్ ముందు నిలబడి

ఫ్యాక్టరీ ఉన్నది ఊరి పొలిమేరలో, టాల్బట్‌విల్ దగ్గర. 1967 నుంచి కార్లు చేసిన ఆ స్థలంలో ఇప్పుడు అమెజాన్ వాళ్ల బ్రహ్మాండమైన గోడౌన్ ఉంది. మేం రోడ్డు పక్కన నిలబడి చూశాం. చూడ్డానికి గోడ తప్ప ఏమీ లేదు. కానీ ఈయన అక్కడే నిలబడి పావుగంట పాఠం చెప్పారు.

ఇప్పటి కార్లలో బాడీ, కింది చట్రం కలిసి ఒకటే ముక్కగా వస్తాయి. క్రౌన్ విక్టోరియాకి అలా కాదు. మన పాత జీపుకీ లారీకీ ఉన్నట్టు ఛాసిస్ వేరు, దాని మీద బాడీ వేరు. గుద్దుకుంటే దెబ్బతిన్న భాగం విప్పి మార్చుకోవచ్చు. ముందు 4.6 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, లాగేది వెనక చక్రాలు. తుపాకులూ ప్రథమ చికిత్స పెట్టెలూ పట్టేంత డిక్కీ. 1996లో పోటీ కారు షెవర్లే కాప్రిస్ ఆగిపోవడంతో ఈ రంగంలో ఇదే రాజైంది.

‘‘అసలు లాభం అది కూడా కాదు. షెడ్డులో వంద బండ్లుంటే వందకీ ఒకే బ్రేకు, ఒకే ఫ్యాన్‌బెల్టు. మెకానిక్ కళ్లు మూసుకుని విప్పుతాడు. డ్రైవరు ఏ బండి ఎక్కినా స్విచ్చి ఎక్కడుందో చేతికి తెలుసు’’ అన్నారాయన.

అలాగని అది గుణాల పుట్ట ఏమీ కాదు. పెట్రోలు తెగ తాగేది. ట్యాంకు వెనక ఇరుసుకి వెనకవైపు ఉండేది. హైవే పక్కన ఆపినప్పుడు వెనక నుంచి ఏదైనా బండి వేగంగా వచ్చి గుద్దితే మంటలు రేగి కొందరు పోలీసులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. గొడవలయ్యాక 2002లో ట్యాంకుకి రక్షణ కవచాలు బిగించడానికి కంపెనీ ఒప్పుకుంది.

ఈ కారు ఆగిపోతోందని తెలిశాక అమెరికా నగరాలకు పెద్ద చిక్కొచ్చింది. ఒకే పెళ్లికొడుకు ఉన్నచోట నలుగురు వచ్చి నిలబడ్డారు. షికాగోలో తయారయ్యే ఫోర్డ్ టారస్, ఎక్స్‌ప్లోరర్, ఇదే ఒంటారియోలోని బ్రాంప్టన్‌లో తయారైన డాడ్జ్ చార్జర్, ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో వచ్చిన కొత్త కాప్రిస్. ఏది కొన్నా ఖర్చు కారుతో ఆగదు. వెనక సీటుకి ముందు బిగించే ఇనప జాలీ, పైన లైట్ల పట్టీ, లోపల కంప్యూటర్ స్టాండు, తుపాకీ పెట్టే చట్రం, ఇవన్నీ పాత కారు కొలతలకు చేసినవి. చాలావరకు కొత్తదానికి పట్టలేదు. మళ్లీ కొనాల్సిందే.

కొత్తవాటికీ జబ్బులు తప్పలేదు. 2017లో టెక్సస్‌లోని ఆస్టిన్ నగర పోలీసులు సుమారు 400 ఎక్స్‌ప్లోరర్లను ఒక్కసారిగా రోడ్డు మీద నుంచి తీసేశారు. లోపలికి కార్బన్ మోనాక్సైడ్ వస్తోందన్న భయంతో. కంపెనీ సొంత ఖర్చుతో బాగుచేస్తానని ముందుకొచ్చింది. టారస్ 2019లో, చార్జర్ 2023 చివర్లో ఆగిపోయాయి. నగరాలు కారుని ఎంచుకుంటాయనుకుంటాం. కానీ ఏది ఎన్నాళ్లు ఉండాలో తేల్చేది కంపెనీలే.

బటన్ నొక్కితే బయటపడ్డ వయసు

ఊళ్లోకి తిరిగొచ్చి కాఫీ కోసం ఆగాం. పార్కింగ్‌లో ఒక తెల్లటి క్రౌన్ విక్టోరియా! డ్రైవరు వైపు అద్దం పక్కన పోలీసులు వాడే గుండ్రటి లైటు ఇంకా అలాగే ఉంది. మావారు కాఫీ మాట మరిచి అటే నడిచారు. కారుగలాయన ఎనభైకి దగ్గర్లో ఉంటాడు. ఆ ఫ్యాక్టరీలోనే ఇరవై రెండేళ్లు తలుపులు బిగించాడట. మూసేశాక కొన్నాళ్లు లారీ నడిపాడట. ఒక ఊరి పోలీసులు తీసేసిన ఈ కారుని వేలంలో కొనుక్కున్నాడు. ‘‘ఈ తలుపులు నా చేతి మీదుగా వెళ్లాయేమో అని’’ అన్నాడని అల్లుడు మాకు చెప్పాడు.

ఈయన ఇండియాలో పోలీసు బండ్ల మెకానిక్ అని తెలియగానే ఆయన ముఖం వెలిగిపోయింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సరిగ్గా రాదు. బానెట్ ఎత్తాక ఆ అవసరం కూడా రాలేదు. తలుపు మీద తీసేసిన అక్షరాల మచ్చ, పైకప్పులో యాంటెన్నా తీసి మూసిన రంధ్రం, అన్నీ చూపించాడు. తర్వాత తాళం తిప్పి మీటరు చూపించాడు. కిలోమీటర్లు చూసి మావారు ‘ఫర్వాలేదే, తక్కువే తిరిగింది’ అన్నట్టు చెయ్యి ఊపారు. ఆయన నవ్వి ఒక బటన్ నొక్కాడు. ఇంకో అంకె వచ్చింది. ఇంజిన్ ఆన్‌లో ఉండి, బండి కదలకుండా నిలబడ్డ గంటలవి.

పోలీసు కారు తిరిగేదానికంటే నిలబడేదే ఎక్కువ. రేడియో, లైట్లు, కంప్యూటర్ నడవాలి కాబట్టి ఇంజిన్ ఆపరు. అందుకే ఈ కార్ల తర్వాతి మోడళ్లలో ఆ గంటల లెక్క కూడా పెట్టారు. ఒక గంట నిలబడి ఇంజిన్ తిరిగితే 33 మైళ్లు, అంటే సుమారు 53 కిలోమీటర్లు నడిచినట్టు లెక్కేయమని ఫోర్డ్ చెబుతుంది. మూడు షిఫ్టుల్లో కలిపి రోజుకి పది గంటలు అలా నిలబడితే 530 కిలోమీటర్ల అరుగుదల. మామూలు మీటరులో మాత్రం ఒక్క కిలోమీటరు కూడా పడదు.

మావారు ఆ అంకె వంక చాలాసేపు చూశారు. తర్వాత ఆ పెద్దాయన చెయ్యి పట్టుకుని ఊపారు. ఏమీ మాట్లాడలేదు.

ఏటిగట్టున కాదు, సరస్సు ఒడ్డున

మధ్యాహ్నం దగ్గర్లోని పోర్ట్ స్టాన్లీకి వెళ్లాం. ఈరీ సరస్సు ఒడ్డు. సముద్రంలాగే అలలు, ఇసుక. పిల్లలు నీళ్ల దాకా వెళ్లారు. పులిహోర డబ్బా తెరుస్తుంటే ఈయన చెప్పడం మొదలుపెట్టారు. పెళ్లయి నలభై ఏళ్లు దాటినా నేనెప్పుడూ వినని సంగతి.

అప్పుడు మేమున్న ఊరి పేరెందుకుగానీ, అక్కడ రాత్రి గస్తీకి ఒక పాత జీపు ఉండేది. కూడలిలో నిలబెట్టి వైర్‌లెస్ కోసం ఇంజిన్ తిప్పుతూనే ఉండేవాళ్లు, ఆపితే బ్యాటరీ దిగిపోతుందని. ఇంజిన్ పని అయిపోయింది. కండెమ్ చేయమని ఈయన రెండుసార్లు రాసిచ్చారు. ‘నిర్ణీత కిలోమీటర్లు పూర్తి కాలేదు’ అని రెండుసార్లూ ఫైలు వెనక్కొచ్చింది. ఒకరోజు పొద్దున లాగ్‌బుక్‌లో ‘ఫిట్’ అని సంతకం పెట్టారు. వేరే బండి లేదు మరి. ఆ రాత్రి వానలో ఊరి బయట లారీ, ట్రాక్టరు గుద్దుకున్నాయని ఫోను. జీపు స్టార్టవలేదు. కానిస్టేబుళ్లు నెట్టారు. ఎలాగో చేరేసరికి నలభై నిమిషాలు ఆలస్యం. ట్రాక్టరు మీదున్న కుర్రాడు అప్పటికే పోయాడు.

‘‘ముందు వెళ్తే బతికేవాడా అంటే ఎవరూ చెప్పలేరు. కానీ ఆ సంతకం నాది’’ అన్నారు. కాసేపాగి, ‘‘నిలబడ్డ గంటలు లెక్కపెట్టాలని మాకు తోచనే లేదు. తోచి ఉంటే ఆ కాగితంలో అది రాసేవాణ్ని’’ అన్నారు.

నేనేం చెప్పగలను? డబ్బా మూత పెట్టేసి పక్కన కూర్చున్నాను.

మళ్లీ మన కూడలిలో

కెనడా నుంచి వచ్చాక హైదరాబాద్‌లో పోలీసు బండ్లను నేనూ చూడ్డం మొదలుపెట్టాను. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక నగర పోలీసులకు కొత్త ఇన్నోవాలు వచ్చినప్పుడు రోడ్డు మీదకొచ్చి చూసినవాళ్లలో మేమూ ఉన్నాం. తెల్లగా, ఏసీతో, పెళ్లి కార్లలా ఉన్నాయనుకున్నాం. ఆ పాత మోడల్ ఇన్నోవా 2016లో ఆగిపోయి క్రిస్టా వచ్చింది. అక్కడి కథే ఇక్కడా.

2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలను తుక్కు కింద తీసేయాలన్న కేంద్ర నిబంధన అమల్లో ఉంది. శాంతిభద్రతలకు వాడే కవచ వాహనాల లాంటి ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఇచ్చారు. పేపర్లో అది చదివి మావారు, ‘‘ఒక పై గీత గీశారు, మంచిదే. కానీ రాత్రీ పగలూ తిరిగే గస్తీ బండికి పదిహేనేళ్లంటే మూడు జన్మలు. దాని వయసు సంవత్సరాల్లో ఉండదు’’ అన్నారు.

మొన్న రాత్రి ఊరి నుంచి వస్తుంటే మా వీధి మలుపులో గస్తీ కారు ఆగి ఉంది. నీలం, ఎరుపు లైట్లు తిరుగుతున్నాయి, ఇంజిన్ సన్నగా మోగుతోంది. లోపల కానిస్టేబుల్ కుర్రాడు ఫోన్లో ఎవరికో దారి చెబుతున్నాడు. చూడగానే ఎందుకో ధైర్యంగా అనిపించింది. ఈయన మాత్రం ఆటో ఆపించి, దిగి, ఓ నిమిషం తలవంచి ఆ చప్పుడే విన్నారు.

‘‘ఎలా ఉందండీ?’’ అన్నాను.

‘‘బాగానే ఉంది. ఇంకా రెండేళ్లు నడుస్తుంది’’ అన్నారు తృప్తిగా. తర్వాత గడియారం చూసుకున్నారు.