మేడ్చలు నుండి చికాగోకు

హైదరాబాదున కుత్తరమున నాగపురి బాటమీద మేడ్చలును, కరీంనగరపు బాటమీద పెద్దచెరువు చెంత శామీర్‌పేటయు నున్నవి. హకీంపేట, దుండిగల్లులందలి వైమానికదళ స్థావరములు సమీపముననే యుండుటచే నీ యూళ్ల స్త్రీలకు విమానధ్వని క్రొత్తది గాదు. కాని తాము విమాన మెక్కవలసినచో నగరమును చుట్టి, దక్షిణమున నున్న శంషాబాదునకు బోవలయును. 2008 మార్చి వరకు ప్రయాణికుల విమానములు బేగంపేటనుండి లేచెడివి. మేడ్చలునకు అది సుమారు 25 కిలోమీటర్లు. శంషాబాదో, వలయమార్గమున 60 కిలోమీటర్లకు పైబడును.

నేడు కూతురో కోడలో అమెరికాలో నుండుట యీ ప్రాంతమున సామాన్యమైనది. పురిటికి సాయము వెళ్లు తల్లి మొదట నడుగునది "ఎంత దూరము? ఎంతసేపు?" అని. ఈ రెంటిని వేరువేరుగా తెలిసికొనుట మేలు.

శంషాబాదునుండి చికాగోకు మిక్కిలి దగ్గరదారి సుమారు 13,300 కిలోమీటర్లు. గోడపటమును జూచినచో పడమటికి బోవలెనని తోచును. గోళముమీద దారము బిగించి చూడుడు. అది దాదాపు ఉత్తరమునకే సాగి, మేడ్చలునకు కొంచెము పడమటగా పోయి, ఉత్తరధ్రువ ప్రాంతమును దాటి యావలివైపున దిగును. ఉత్తరమునకు బోవుటకై మనము మొదట దక్షిణమునకు బోవుచున్నాము!

దుబాయిలో దిగి విమానము మారినచో దూరము సుమారు 14,200 కిలోమీటర్లగును. పెరిగినది 900 మాత్రమే. అసలు కాలహరణ మంతయు నడుమ వేచియుండుటలోనే కలదు.

ఇక టిక్కెట్టుమీది గడియారమును నమ్మరాదు. సోమవారము తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరి, దుబాయికి 4 గంటలు, అచ్చట 3 గంటల విరామము, పిదప పదునైదున్నర గంటలు పయనించితిమనుకొనుడు. శీతకాలమున చికాగో మనకంటె పదకొండున్నర గంటలు వెనుకబడి యుండును గనుక, అచ్చట దిగునప్పుడు ఆ సోమవారమే మధ్యాహ్నము 3 గంటలు! గడియారము చూపునది 11 గంటలు. శరీరము మోసినది ఇరువదిరెండున్నర. దీనికి ఇంటినుండి విమానాశ్రయమునకు గంటన్నర, అచ్చటి తనిఖీలకు 3 గంటలు, దిగినపిదప మరి 2 గంటలు చేర్చుడు. మేడ్చలు గడప దాటినది మొదలు 29 గంటలు.

ఈ లెక్క వేడుకకు గాదు. రక్తపోటు మాత్రలును, ఇన్సులినును వాడు తల్లులు స్థానిక గడియారమును బట్టి మందు పుచ్చుకొన్నచో వేళలు తారుమారగును. కావున ముందుగనే వైద్యుని యడిగి, వేళలను వ్రాయించుకొని, మందులను చేతిసంచియందే యుంచుకొనవలెను. ఏకధాటిగా గూర్చుండిన కాళ్లలో రక్తము గడ్డకట్టు ప్రమాదము గలదు. నడుమ నడుమ లేచి నడచుటయు, నీరు త్రాగుటయు నవసరము. చేరినదినమే వంటపని మీద వేసికొనక, ఒకటి రెండు దినములు విశ్రమించుడు. బిడ్డకు సాయపడ బోయిన తల్లి, తానే రోగియై మంచమెక్కరాదు గదా!