వీసాలో రాసున్న పని

జూన్ 9, 2025, సోమవారం

బక్రీద్ చుట్టాలు ఇంకా గల్లీ విడిచి పోలేదు. పక్కింటి ఖాలా కొడుకు వీసా కాగితం పట్టుకొచ్చాడు. "అంకుల్, జెర చదివి చెప్పుండ్రి. రియాద్‌ల కంపెనీ డ్రైవర్ అన్నడు ఏజెంటు." కాగితంలో ఉన్నది ఇంటి డ్రైవర్ పని.

జెద్దాలో పద్దులు రాసిన రోజుల్లో ఈ తేడా మనుషుల్ని ఎంత నలిపేస్తుందో దగ్గరనుంచి చూశాను. కంపెనీ డ్రైవరుకు సౌదీ కార్మిక చట్టం వర్తిస్తుంది. ఇంటి డ్రైవరు ఇంటి పనివాళ్ల లెక్కలోకి పోతాడు, వాళ్ల నిబంధనలు వేరు. 2021 మార్చిలో కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒప్పుకోకపోయినా, కొన్ని షరతులతో ఉద్యోగం మారొచ్చని అక్కడి ప్రభుత్వం సవరణ తెచ్చింది. ఇంటి డ్రైవర్లు, కాపలాదార్లు, తోటమాలులు, గొర్రెల కాపరులు ఆ సవరణకు బయటే ఉండిపోయారు.

ఇంటి డ్రైవర్ పనికి పోవద్దని నేననను. పాతబస్తీ నుంచి ఎంతమందో ఆ పని మీదే పోయి చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశారు, ఇళ్లు కట్టారు. కానీ ఏ పనికి పోతున్నాడో తెలిసి పోవాలి. పిల్లవాడి ముఖం చిన్నబోయింది. రేపు వాళ్లమ్మను కూడా వెంటబెట్టుకు రమ్మన్నాను.

జూన్ 11

ఖాలా వచ్చింది, సామాను జాబితాతో సహా. పచ్చళ్లు, మసాలా పొడులు, కుర్మాలోకి గసగసాలు. గసగసాలు వెంటనే కొట్టేయించాను. ఇక్కడ అవి వంటింటి దినుసు. సౌదీలో, ఎమిరేట్స్‌లో నల్లమందు మొక్క గింజలు, నిషిద్ధం. కొడీన్ కలిసిన దగ్గు మందు, ట్రమడాల్ బిళ్లలు కూడా డాక్టరు చీటీ, అక్కడి అనుమతి లేకుండా పెట్టెలో ఉండకూడదు.

"మా చెల్లె మరిదికి చిన్న పొట్లం ఇస్తనన్నది" అంది. ఎవరిదీ వద్దన్నాను. 2019లో ఒక ముంబై జంట దగ్గర దోహా విమానాశ్రయంలో నాలుగు కిలోలకు పైగా హషీష్ దొరికింది. దగ్గరి బంధువు తెలిసినవాళ్లకు ఇమ్మని పంపిన పొట్లం అది. పదేళ్ల శిక్ష పడింది. నిర్దోషులని తేలి ఇల్లు చేరేసరికి 2021 వచ్చింది. బిడ్డ జైల్లోనే పుట్టింది. ఈ కథ విన్నాక ఖాలా ఆ పొట్లం మాట మళ్లీ ఎత్తలేదు.

జూన్ 15

సౌదీలో ఈ రోజు నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదు. మంచి నియమం. కానీ బడి ముందు కారు ఆపుకుని యజమాని పిల్లల కోసం కాచుకునే డ్రైవరును ఎవరు చూస్తారు?

జూన్ 17

బహదూర్‌పురా చౌరస్తా దగ్గర చాయ్ తాగుతుంటే పక్క బల్ల మీద 'ఆజాద్ వీసా' బేరం నడుస్తోంది. అలాంటి వీసా ఏ చట్టంలోనూ లేదు. కఫీల్ తన పేరు అమ్ముకుంటాడు, మనిషి బయట ఎక్కడో పని వెతుక్కుంటాడు. పట్టుబడితే జరిమానా, జైలు, తిరుగు విమానం. విజిట్ వీసా మీద పోయి పనిలో చేరేవాడి సంగతీ అంతే, జీతం రాకపోతే ఫిర్యాదుకు ఆధారమే ఉండదు.

మన చట్టం ప్రకారం రిజిస్టరైన ఏజెంటు పనివాడి దగ్గర తీసుకోగల రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఏజెంటు లైసెన్సు నిజమైనదో కాదో ఈ-మైగ్రేట్ సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తుంది, గల్ఫ్ పనికి ఎమిగ్రేషన్ క్లియరెన్సు తప్పనిసరి. చాలామంది అదొక అడ్డంకి అనుకుంటారు. నా లెక్కలో అది రక్షణ. రెండేళ్లకు 275 రూపాయలు కట్టే ప్రవాసీ బీమా, 10 లక్షలది, ఆ దారిలోనే దొరుకుతుంది.

జూన్ 24, మంగళవారం

రాత్రి గల్లీలో ఎవరూ నిద్రపోలేదు. ఖతర్‌లోని అల్ ఉదైద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసింది. ఖతర్, ఎమిరేట్స్, బహ్రెయిన్, కువైట్ ఆకాశం మూసేశారు. శంషాబాద్ నుంచి పోవాల్సినవాళ్లు పెట్టెలతో ఇరుక్కుపోయారు.

వెనక గల్లీ అమ్మాయి ఏడుస్తూ వచ్చింది. భర్త దోహాలో. ఫోను కలవట్లేదు. ఏ కంపెనీ అంటే తెలియదు. క్యాంపు ఏ పేటలో అంటే తెలియదు. గదిలో ఉండేవాళ్ల నంబరు? లేదు. "ఆయన రోజూ ఫోన్ జేస్తడు గదా అంకుల్, నాకేం అవసరమనుకున్న" అంది. తెల్లారి నమాజు వేళకు అతనే చేశాడు, క్షేమం. నాకు మాత్రం వణుకు తగ్గలేదు. వెళ్లేవాడికి మనం లక్ష చెబుతాం. ఇంట్లో ఉండే ఆడమనిషిని కూర్చోబెట్టి ఒక్క ముక్క చెప్పం.

జూలై 1

2017లో ఇదే రోజున సౌదీలో కుటుంబ పన్ను మొదలైంది. వెంట ఉన్న ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్లు, ఏటా వంద పెరిగి 2020 నాటికి 400. భార్య, ముగ్గురు పిల్లలు ఉంటే నెలకు 1,600. ఇఖామా, అంటే అక్కడి నివాస కార్డు, పొడిగించేటప్పుడు ముందే కట్టాలి. మా ఇంటితో పాటు ఎన్నో హైదరాబాదీ సంసారాలు అలా వెనక్కి వచ్చాయి, జెద్దా బడుల్లో చదివిన పిల్లలు ఇక్కడ తెలుగు అక్షరాలు కొత్తగా దిద్దుకున్నారు. ఫ్యామిలీ వీసా అని మురిసిపోయేవాళ్లు ముందు ఈ లెక్క వేసుకోండి.

జూలై 5

రియాల్ 1986 నుంచీ డాలరుకు 3.75 దగ్గరే కట్టేసి ఉంది. రూపాయి పడితే ఇంటికి వచ్చేది పెరుగుతుంది, ఆ పెరిగినదాన్ని దాచాలి. పోయినవాడు ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా, అంటే ప్రవాసుల ఖాతాగా, మార్పించుకోవాలి. బ్యాంకు బయట పైసలు పంపే హుండీ వద్దు, రెండు పైసలు ఎక్కువొచ్చినా రేపు బ్యాంకు అప్పుకు చూపించడానికి రసీదు ఉండదు.

జూలై 12, శనివారం

పిల్లవాడు ఇంటి డ్రైవరుగానే పోతానన్నాడు, తెలిసే. ప్రయాణం వచ్చే వారం. ఈసారి ఖాలాతో కూర్చున్నాను. నోట్‌బుక్‌లో రాయించాను: పాస్‌పోర్టు, వీసా నంబర్లు, కఫీల్ పేరు, ఫోను, ఇల్లున్న పేట, ముసానెద్ అనే సౌదీ సర్కారు సైట్‌లోని ఒప్పందంలో ఉన్న జీతం, అక్కడి ఒక స్నేహితుడి నంబరు. ఇఖామా రాగానే దాని ఫొటో. సౌదీ ప్రభుత్వ సేవల యాప్ అబ్షిర్‌లో ఖాతా తన పేరున తనే తెరుచుకుని గడువు చూసుకోవాలని, పాస్‌వర్డు ఎవరికీ ఇవ్వకూడదని వాడికి చెప్పాను. జీతం ఆగినా, పాస్‌పోర్టు లాక్కున్నా రియాద్‌లో మన ఎంబసీ ఉంది, ఇక్కడినుంచి ఖాలా కూడా మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

చావు సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. గల్ఫ్‌లో పోయిన కార్మికుడి ఇంటికి తెలంగాణ ప్రభుత్వం 5 లక్షలు ఇస్తుంది, కాగితాలుంటేనే. ఖాలా "తోబా" అని చెవులు పట్టుకుంది, అయినా ఆ పేజీ చింపెయ్యమనలేదు.

అన్నీ నిండాక చదివించుకుంది. కఫీల్ ఫోను దగ్గర ఖాళీ. "ఏజెంటు ఇంకా ఇయ్యలే" అన్నాడు కొడుకు. ఖాలా బురఖా సర్దుకుని లేచింది. ఆ నంబరు చేతిలో పడేదాకా బాకీ పైసలు ఇచ్చేది లేదంది. ఇద్దరూ ఆటోలో ఏజెంటు దుకాణానికి పోయారు.