నిప్పును చూసి, పొగను మరచి

విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారు 30 ఏళ్ళు వెల్డింగు పని చేశారు. లారీల తొట్లకు ఇనుప చట్రాలు అతకడం ఆయన వృత్తి. చిన్నతనంలో నేను మధ్యాహ్నం క్యారియరు తీసుకొని వెళ్ళినప్పుడల్లా, షెడ్డు గుమ్మం దగ్గరే ఆయన కేక వినబడేది: "అబ్బాయీ, నిప్పు వంక చూడకు, కళ్ళు పోతాయి!" నేను వెంటనే ముఖం తిప్పుకొనేవాడిని, తిప్పుకొని, అక్కడి పొగను పీలుస్తూ నిలబడేవాడిని. పొగను పీల్చవద్దని ఆయన ఏనాడూ అనలేదు. ఆయనకూ ఎవరూ చెప్పలేదు.

కంటికి కలిగే హాని త్వరగా తెలుస్తుంది. నల్లద్దం లేకుండా కాసేపు పని చేసినా, ఆ రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్లు మంట పుడుతుంది. అందుచేత ఎంత బీదవాడైనా నల్లద్దం కొనుక్కుంటాడు. ఊపిరితిత్తుల బాధ అలా వెంటనే బయటపడదు.

జింకు పూత పూసిన జి.ఐ. గొట్టాలు అతికిన రోజున మాత్రం, సాయంత్రానికి నాన్నగారికి చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు వచ్చేవి. మరునాటికి తగ్గిపోయేవి. "పని వేడి" అని సరిపెట్టుకొని, ఆయన బెల్లంముక్క నమిలి, పాలు త్రాగేవారు. అవి లోపలి పొగను కడిగివేస్తాయని అక్కడివారి నమ్మకం. ఆ జ్వరానికి కారణం నేను రసాయనశాస్త్రం చదివేటప్పుడు గ్రహించాను. ఇనుము 1,538 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది. అంటే, ఇనుము కరగక మునుపే దానిపైనున్న జింకు ఆవిరై, గాలిలో అతిసూక్ష్మమైన రేణువులుగా మారుతుంది. ముక్కులోని వెండ్రుకలు వాటిని ఆపలేవు. అవి వాయుగోణుల దాకా చేరుతాయి. త్రాగిన పాలు పోయేది కడుపులోనికి. పీల్చిన పొగ పోయేది ఊపిరితిత్తులలోనికి. రెండింటి దారులు వేరు.

యాభై అయిదవ ఏట నాన్నగారికి మెట్లెక్కడం కష్టమైంది. వైద్యులు ఎక్స్‌రే చూసి, "బీడీలు కాలుస్తారా?" అని అడిగారు. "ఎన్నడూ ముట్టలేదండీ" అన్నారు నాన్నగారు. "ఏం పని చేస్తారు?" అన్నది రెండవ ప్రశ్న. ఆ జవాబులోనే జబ్బు దొరికింది. ఇనుపరేణువులు పేరుకొని కనబడే మచ్చలు పని మానితే కొంత తగ్గవచ్చుననీ, ఏళ్ళ తరబడి పొగవల్ల ఇరుకైన శ్వాసనాళాలు మాత్రం పూర్వస్థితికి రావనీ వైద్యులు చెప్పారు.

వెల్డర్ల ఎక్స్‌రేలలో ఇట్టి మచ్చలను బ్రిటన్ వైద్యులు 1936 లోనే వివరించారు. 2017 లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, వెల్డింగు పొగ మానవులలో క్యాన్సరుకు కారణమవుతుందని నిర్ధారించింది. ఇంత జ్ఞానమూ మా రేకుల షెడ్డు గుమ్మం దాటి లోనికి రాలేదు.

మొన్న నాన్నగారిని వెంటబెట్టుకొని ఆ పాత షెడ్డుకు వెళ్ళాను. ఒక కుర్రవాడు ముక్కుకు చేతిరుమాలు కట్టుకొని, పొగమీదికి వంగి పని చేస్తున్నాడు. నాన్నగారు మెల్లగా వాని దగ్గరకు వెళ్ళారు. రుమాలు ఈ పొగను ఆపదనీ, తలను పొగకు ప్రక్కగా ఉంచాలనీ, పొగను లాగివేసే పంకా అతుకు దగ్గరే ఉండాలనీ చెప్పారు. తరువాత యజమాని వైపు తిరిగి, "నల్లద్దం ఇప్పించారు కదా బాబూ, సరైన మాస్కు కూడా ఇప్పించండి. కళ్ళు ఎంతో ఊపిరీ అంతే" అన్నారు.

ఆ రెండు మాటలు అనడానికి ఆయన రెండుసార్లు ఆగి, ఊపిరి తీసుకోవలసి వచ్చింది.